బండికి బంగారు కాళ్లు

బైకు ముందు ఫోర్కు మార్పించుకోవడం ఇప్పుడు కుర్రకారుకు పెద్ద మోజు. ఆ గొట్టాల్లో అసలేముంది? ఎవరికి ఎంత మార్పు కావాలి? ఎక్కడ ఆగాలి?

ఆదివారం పొద్దున. హైదరాబాద్‌లో ఓ సందు చివర రేకుల షెడ్డు. పైనున్న ఇనుప దూలానికి బెల్టు వేసి క్లాసిక్ 350ని ముందువైపు గాల్లోకి లేపారు. ఊడదీసిన చక్రం గోడకు ఆనించి ఉంది. కింద గోనెపట్టా మీద, బండి యజమాని తెచ్చిన సరుకు పడుకుని ఉంది. ఏదో స్పోర్ట్స్ బైకు నుంచి విప్పి, సెకండ్ హ్యాండ్‌లో అమ్మిన తలకిందుల ఫోర్కు. లావుపాటి గొట్టాలు, బంగారు రంగు.

"అన్నా, ఇవి ఎక్కిస్తే బండి మస్తు కొడ్తది గదా!" పాతికేళ్ల కుర్రాడి మొహం వెలిగిపోతోంది.

మెకానిక్ వాటి వంక చూడనే లేదు. "నీ బరువెంత తమ్మీ?"

"ఎనభై రెండు."

"ఎన్క ఎవరు కూసుంటరు?"

"రోజూ ఎవ్వరుండరన్నా. ఆదివారం అమ్మను గుడికి తోల్కపోత."

"ఇవి ఏ బండివి? దాని బరువెంత?"

కుర్రాడు బుర్ర గోక్కున్నాడు. మెకానిక్ పాత ఫోర్కు కాళ్లు రెండూ విప్పి, ఒక్కోదాన్ని ఒక్కో డబ్బాలోకి వంచాడు. ఎడమ కాలి నుంచి నల్లటి పల్చటి ద్రవం వచ్చింది. కుడి కాలి నుంచి వచ్చింది అందులో సగమే. మిగతాది ఎప్పుడో సీలు దాటి కారిపోయింది. "ఇది కంపెనీల పోసిన ఆయిలే. ఇంతవరకు ఒక్కడు గూడ ఇప్పలే. నీ షాకులు ఖరాబ్ గాలే తమ్మీ, వాటిని ఎవ్వరు పట్టించుకోలే," అన్నాడు.

వానలు వెనక్కి తగ్గి గోతులు బయటపడే వేళకు ఇలాంటి షెడ్లకు గిరాకీ పెరుగుతుంది. మణికట్లు గుంజుతున్నాయని కొందరొస్తారు. ముందు షాకుల్లోంచి ఆయిలు కారుతోందని కొందరొస్తారు. కొత్త మోడళ్ల ప్రకటనలు చూసి, తమ పాత బండికీ ఆ మెరుపు కావాలని ఇంకొందరొస్తారు. అందరూ అడిగేది ఒకటే: ఏ ఫోర్కు వేయించుకోవాలి? పని తెలిసిన మెకానిక్ మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాడు: నడిపేదెవరు, మోసేదెంత, తిరిగేది ఏ దారిన? మొదటి ప్రశ్నకు జవాబు కొట్లో దొరుకుతుంది. రెండోదానికి టేపూ ఓపికా కావాలి. చాలామంది కొట్టు దగ్గరే ఆగిపోతున్నారు.

రెప్పపాటులో జరిగే పని

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు కదులుతుంది. దారిలో 60 సెంటీమీటర్ల గుంత వస్తే, దాన్ని దాటడానికి పట్టేది సెకనులో ఇరవయ్యో వంతు కూడా కాదు. ఆ కాస్తలోనే చక్రం కిందికి దిగాలి, అవతలి అంచు తగలగానే పైకి లేవాలి, మళ్లీ రోడ్డును పట్టుకోవాలి. ఈ భారమంతా ఫోర్కులో రెండిటి మీదే పడుతుంది. ఒకటి స్ప్రింగు, రెండోది ఆయిలు.

స్ప్రింగు బరువు మోస్తుంది, దెబ్బను మింగుతుంది. మింగినదాన్ని వెంటనే తిప్పికొట్టడమూ దాని గుణమే. దాన్ని అలా వదిలేస్తే గుంత దాటి చాలా దూరం పోయాక కూడా హ్యాండిలు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును అణిచేది ఆయిలు. సైకిల్ పంపును మెల్లగా నొక్కితే సులువుగా దిగుతుంది, ఒక్కసారిగా కొడితే చేతికి ఎదురు తిరుగుతుంది. సన్నటి రంధ్రాల గుండా దూరాల్సి వచ్చినప్పుడు ఫోర్కు ఆయిలు చేసేదీ అదే. దీన్నే డాంపింగ్ అంటారు.

మన వీధుల్లో తిరిగే మామూలు బండ్లలో చాలావాటికి ఉండేది డాంపర్ రాడ్ ఫోర్కు. లోపలి రాడ్డుకు కొన్ని రంధ్రాలుంటాయి. వాటి సైజు మారదు. ఫోర్కు కదిలే వేగం రెట్టింపైతే ఆయిలు చూపే అడ్డు నాలుగు రెట్లవుతుంది. చిక్కంతా ఇక్కడే. బ్రేకు వేసినప్పుడు ఫోర్కు నింపాదిగా కుంగుతుంది కాబట్టి ఆయిలు పెద్దగా ఆపదు, బండి ముక్కు దించేస్తుంది. గుంత అంచు తగిలినప్పుడు ఫోర్కు మెరుపు వేగంతో కదలాలి. అంత ఆయిలు ఆ రంధ్రాల్లోంచి పట్టదు, ఫోర్కు దాదాపు బిగుసుకుపోతుంది, దెబ్బ నేరుగా చేతికి వస్తుంది. గట్టిగా ఉండాల్సినచోట మెత్తబడటం, మెత్తగా ఉండాల్సినచోట మొండికేయడం ఈ రకం ఫోర్కుకు పుట్టుకతో వచ్చిన గుణం.

దీనికి మన అలవాటు ఒకటి తోడవుతుంది. గుంత కనబడగానే బ్రేకు నొక్కి, అలాగే నొక్కిపట్టి గుంతలోకి దిగుతాం. అప్పటికే ఫోర్కు చాలావరకు కుంగిపోయి ఉంటుంది. గుంతను మింగడానికి జాగా మిగలదు. ఫోర్కు అడుగు తాకుతుంది, రిమ్ము వంగుతుంది, పట్టు జారుతుంది. వేగం ముందే తగ్గించుకుని, చక్రం గుంతలోకి దిగే ముందు బ్రేకు వదిలేయడం నేర్చుకుంటే చాలు. ఈ అప్‌గ్రేడ్‌కు పైసా ఖర్చు లేదు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. గోతుల వల్ల జరిగిన ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,856 మంది. మంచి ఫోర్కుంటే వీళ్లంతా బతికేవాళ్లని అనలేం. రోడ్డు వేసినవాళ్ల బాధ్యతను రెండు గొట్టాల మీదికి నెట్టడం న్యాయమూ కాదు. కానీ రోడ్డు బాగుపడేదాకా దాని మీద తిరగక తప్పదు కదా.

---

స్పీడ్ బ్రేకర్ ఎంత ఉండాలి?

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 99 ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. దాన్ని గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా దాటగలగాలి. కాలనీల్లో ఎవరికి వారు సిమెంటు పోసి కట్టుకునేవి అడుగు, అడుగున్నర వెడల్పుకు మించవు. ఎత్తు అంతే అయినా వెడల్పు తగ్గేకొద్దీ ఫోర్కు కదలాల్సిన వేగం పెరుగుతుంది. డాంపర్ రాడ్ ఫోర్కు మొండికేసేది సరిగ్గా అక్కడే.

---

గొట్టంలో గొట్టం

మోటార్‌సైకిల్ పుట్టిన కొత్తలో ముందు షాకులే లేవు. తర్వాత గర్డర్ ఫోర్కు వచ్చింది. హ్యాండిల్ కింద ఓ స్ప్రింగు, ఊపును ఆపడానికి రాపిడి బిళ్లలు. గొట్టంలో గొట్టం జారే టెలిస్కోపిక్ పద్ధతిని ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ ఆంగస్ స్కాట్ 1908 నాటికే వాడాడు కానీ అందులో ఆయిలు డాంపింగ్ లేదు. స్ప్రింగునూ ఆయిలునూ ఒకే గొట్టంలో పెట్టి మార్కెట్లోకి తెచ్చింది జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ. 1935లో వచ్చిన ఆర్12 మోడల్‌కు అలాంటి ఫోర్కు ఉంది. ఇవాళ మన స్ప్లెండర్‌కు ఉన్నదీ ఆ వంశానిదే.

రెండో ప్రపంచ యుద్ధం ఈ మార్పును వేగిరం చేసింది. బ్రిటిష్ సైన్యం వాడిన మ్యాచ్‌లెస్ జీ3ఎల్‌కు ఆయిలు ఫోర్కు అమర్చారు. అదే కాలంలో విమానంలోంచి పారాచూట్‌తో దించడానికి రాయల్ ఎన్‌ఫీల్డ్ తయారు చేసిన చిన్న బండి 'ఫ్లయింగ్ ఫ్లీ'కి మాత్రం ముందు స్ప్రింగులకు బదులు రబ్బరు బ్యాండ్లే పెట్టారు. యుద్ధం ముగిశాక టెలిస్కోపిక్ ఫోర్కుకు ఎదురు లేకుండా పోయింది. 1955లో మద్రాసు కేంద్రంగా ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలై, బుల్లెట్‌తో పాటు ఈ ఫోర్కు మన ఊళ్లలోకి వచ్చింది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చి మధ్యతరగతి గడప తొక్కింది. అదే ఏడాది హీరో వర్గం జపాన్ కంపెనీ షోవాతో కలిసి షాకుల తయారీకి ముంజాల్ షోవాను పెట్టింది.

స్కూటర్ల సంగతి వేరు. ఏళ్ల తరబడి వాటి ముందు చక్రం చిన్న చేతిలాంటి లింకు మీదే ఆడింది. దేశమంతా వాడే 110 సీసీ యాక్టివాకు టెలిస్కోపిక్ ఫోర్కు దక్కింది 2020 జనవరిలో, ఆరో తరం మోడల్‌తో. పెద్ద బైకుల ఫోర్కుల గురించి అంత మాట్లాడుకున్న మనం, రోజూ పిల్లల్ని బడికి దింపే అమ్మల బండికి జరిగిన ఈ మార్పును దాదాపు గమనించనే లేదు.

తలకిందుల ఫోర్కు మోజుకు మన దగ్గర బీజం పడింది 2012లో. ఆ ఏడాది కేటీఎం డ్యూక్ 200 వచ్చింది, 43 మిల్లీమీటర్ల తలకిందుల ఫోర్కుతో. అంతవరకు రేసుల పోస్టర్లలో చూసినది ఒక్కసారిగా కాలేజీ పార్కింగ్‌లో ప్రత్యక్షమైంది. మామూలు ఫోర్కులో సన్నటి మెరిసే గొట్టాలు పైన, లావుపాటివి కింద ఉంటాయి. తలకిందుల ఫోర్కులో లావుపాటివి పైకి పోతాయి. బ్రేకు వేసినప్పుడు వంచే బలం ఎక్కువగా పడేది పైన, క్లాంపుల దగ్గర. అక్కడ గొట్టం లావుగా ఉంటే ఫోర్కు అంత తేలిగ్గా వంగదు, మెలి తిరగదు. రాయల్ ఎన్‌ఫీల్డ్‌లో ఇలాంటి ఫోర్కు మొదట సూపర్ మీటియర్ 650కి వచ్చింది. 2023 చివర్లో కొత్త హిమాలయన్ 450 కూడా 43 మిల్లీమీటర్ల షోవా తలకిందుల ఫోర్కుతోనే వచ్చింది. తమాషా ఏమిటంటే ఫోర్కు కుంగే దూరం 2016 నాటి పాత హిమాలయన్‌లోనూ 200 మిల్లీమీటర్లే, కొత్తదానిలోనూ అంతే. కొలత మారలేదు. మారిందల్లా ఆ 200 మిల్లీమీటర్లను ఫోర్కు వాడుకునే తీరు.

సగటు మనిషి స్ప్రింగు

కంపెనీ ఒక మోడల్‌కు ఒక స్ప్రింగు వేసి లక్షల బండ్లు అమ్ముతుంది. దాన్ని యాభై కిలోల కాలేజీ అమ్మాయి నడుపుతుంది, తొంభై అయిదు కిలోల మేస్త్రీ నడుపుతాడు. ఒకే బండి సోమవారం ఒంటరిగా ఆఫీసుకు పోతుంది, ఆదివారం భార్యాపిల్లలతో అత్తారింటికి పోతుంది. తెల్లారకముందే రెండు వైపులా పాల క్యాన్లు మోసే బండి, తొమ్మిదింటికల్లా గడ్డిమోపు మోస్తుంది. అందరికీ సరిపోవాలని వేసిన స్ప్రింగు అందరికీ కొంత కొంత సరిపోదు. ఈ రాజీకి కంపెనీని తప్పు పట్టలేం. ఆ రాజీ ఎక్కడ కుదిరిందో మనం చూసుకోకపోవడమే తప్పు.

లెక్క కష్టమేమీ కాదు. ఒక్కో కాలిలో 0.6 కిలోల స్ప్రింగు ఉందనుకుందాం. అంటే మిల్లీమీటరు కుంగడానికి 0.6 కిలోల బరువు పడాలి. రెండు కాళ్లూ కలిపితే 1.2 కిలోలు. ముందు చక్రం మీద అదనంగా 12 కిలోలు పడితే ఫోర్కు మరో 10 మిల్లీమీటర్లు కుంగుతుంది. ఇంటర్‌సెప్టర్ 650లో ముందు ఫోర్కు కుంగే దూరం మొత్తం 110 మిల్లీమీటర్లే. అందులో 10 ముందే ఖర్చయితే గుంతకు మిగిలేది ఆ మేరకు తగ్గినట్టే. బరువైన రైడర్లకు ఆ బండి ముందువైపు అడుగు తాకుతున్నట్టు అనిపిస్తే దాని వెనుక ఉన్నది ఈ కూడికలూ తీసివేతలే.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ప్రీలోడ్. పైనున్న నట్టు తిప్పో, స్ప్రింగు మీద అదనపు ముక్క పెట్టో ప్రీలోడ్ పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందని అనుకుంటారు. గట్టిపడదు. బండి కాస్త ఎత్తులో నిలబడుతుంది, అంతే. పది మిల్లీమీటర్లు కుంగడానికి ముందు ఎంత బరువు కావాలో ఇప్పుడూ అంతే కావాలి. బరువుకు స్ప్రింగు చాలకపోతే స్ప్రింగే మార్చాలి.

---

ఇంట్లోనే కొలవండి

బండి మీద కూర్చున్నప్పుడు ఫోర్కు ఎంత కుంగుతుందో ఆ కొలతను శాగ్ అంటారు. కావాల్సినవి: టేపు, ప్లాస్టిక్ టై, ఇద్దరి సాయం.

1. మామూలు ఫోర్కైతే మెరిసే గొట్టం చుట్టూ టై కట్టి, కింద రబ్బరు సీలు దాకా జరపండి.
2. రోజూ వేసుకునే హెల్మెట్, బ్యాగుతో మెల్లగా ఎక్కి కూర్చోండి. ఒకరు వెనుక నుంచి బండిని పట్టుకోవాలి. కాళ్లు ఫుట్‌రెస్టుల మీద ఉండాలి.
3. కుదుపు లేకుండా దిగండి. ముందు చక్రం నేల వదిలేదాకా బండిని లేపి, సీలుకూ టైకీ మధ్య దూరం కొలవండి.

ఫోర్కు కుంగే మొత్తం దూరంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య వస్తే మామూలు రోడ్డుకు సరిపోయినట్టే. 110 మి.మీ. ఫోర్కుకు దాదాపు 28 నుంచి 36 మి.మీ. 200 మి.మీ. ఫోర్కుకు 50 నుంచి 66 మి.మీ. వెనుక ఎవరైనా తరచూ కూర్చునేట్టయితే వాళ్లతోనూ ఓసారి కొలవండి.

---

ఏది ముందు, ఏది వెనుక

పని తెలిసిన షెడ్లలో ఈ మార్పులకు ఒక వరస ఉంటుంది. చవకైన మెట్టు నుంచి ఖరీదైన మెట్టుకు ఎక్కుతారు. ఒక్కో మెట్టు దగ్గర ఆగి బండిని నడిపి చూస్తారు. చాలామందికి రెండో మెట్టుకే బాధ తీరిపోతుంది.

మొదటి మెట్టు ఫోర్కులోనే లేదు. టైరులో గాలి సరిగ్గా ఉందా? హ్యాండిల్ మెడలోని బేరింగులు, అంటే కోన్‌సెట్, వదులైందా? ముందు చక్రం బేరింగులు బాగున్నాయా? హ్యాండిలు 'టక్ టక్'మంటుంటే తప్పు షాకులదే కానక్కర్లేదు.

రెండోది ఆయిలూ సీళ్లూ. ఫోర్కు ఆయిలు లోపల కదిలే లోహపు పొడితో నల్లబడుతుంది, పల్చబడుతుంది. సర్వీసుకిచ్చిన ప్రతిసారీ ఇంజిన్ ఆయిల్ మార్పిస్తాం. ముందు కాళ్లలోని ఆయిలు బండి జీవితమంతా అదే ఉండిపోతుంది. మార్చేటప్పుడు రెండు కాళ్లలోనూ సమానంగా, మాన్యువల్ చెప్పిన కొలతకు పోయాలి. స్ప్రింగు తీసి, ఫోర్కును పూర్తిగా కుదించి, పై అంచు నుంచి ఆయిలు ఎంత కిందుందో కొలిచి చూడటం ఇంకా మంచిది. ఆయిలు పైన మిగిలిన గాలి కూడా కుదుపుకు రెండో స్ప్రింగుగా పనిచేస్తుంది. ఆయిలు ఎక్కువ పోస్తే ఫోర్కు చివర్లో బండబారుతుంది, తక్కువ పోస్తే అడుగు తాకుతుంది. కొన్నిచోట్ల మిగిలిన ఇంజిన్ ఆయిలే కాళ్లలో పోసేస్తారు. అది ఈ పనికి పుట్టిన ఆయిలు కాదు. చిక్కదనమూ వేరు, నురుగు పట్టే తీరూ వేరు. డబ్బా మీద '10' అని ఉన్నంత మాత్రాన రెండు కంపెనీల ఫోర్కు ఆయిళ్లు ఒకే చిక్కదనంతో ఉంటాయనీ నమ్మడానికి లేదు.

మూడోది స్ప్రింగు. శాగ్ కొలత తప్పితేనే ఈ మెట్టు ఎక్కాలి. రైడరు బరువు చెప్పి, దానికి తగ్గ స్ప్రింగు తెప్పించుకోవాలి. మొదటినుంచి చివరిదాకా ఒకే గట్టిదనం ఉండేవి ఒక రకం. కుంగేకొద్దీ గట్టిపడేవి ఇంకో రకం. ఒకరోజు ఒంటరిగా, ఇంకోరోజు జంటగా తిరిగేవాళ్లు రెండో రకం వైపు మొగ్గుతారు. బండి కదలికను ముందే అంచనా వేసుకోవాలనుకునే రైడర్లు మొదటిదాన్ని ఇష్టపడతారు.

నాలుగోది డాంపింగ్. ఇక్కడే డాంపర్ రాడ్డు పుట్టుగుణాన్ని మార్చే ఎమ్యులేటర్ వస్తుంది. అమెరికాలో రేస్ టెక్ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన గోల్డ్ వాల్వ్ ఇలాంటిదే. రాడ్డు రంధ్రాలను పెద్దవి చేసి, దాని నెత్తిన ఈ చిన్న వాల్వును కూర్చోబెడతారు. పైన ప్రధాన స్ప్రింగు దాన్ని అదిమిపట్టి ఉంచుతుంది. ఫోర్కు మెల్లగా కదిలేటప్పుడు వాల్వు ఆయిలును ఆపుతుంది. గుంత అంచు తగలగానే చిన్న స్ప్రింగు మీద లేచి దారిస్తుంది. బ్రేకుకు ముక్కు దించడం, గుంతకు మొండికేయడం రెండూ తగ్గుతాయి.

చివరి మెట్టు పూర్తి కాట్రిడ్జ్. లోపలి సరంజామా అంతా తీసేసి, పల్చటి ఉక్కు బిళ్లల దొంతరతో ఆయిలును అదుపు చేసే కొత్త గుండెను పెడతారు. 1976లో స్వీడన్‌లో కెంత్ ఓలిన్ పెట్టిన ఓలిన్స్ కంపెనీ పేరు ఈ మెట్టు దగ్గరే ఎక్కువగా వినిపిస్తుంది. ఖర్చు రెండో మెట్టు దగ్గర వందల్లో మొదలై, ఇక్కడికి వచ్చేసరికి పాత బండి ఖరీదుకు చేరుతుంది. రేసు ట్రాకు మీదో, రోజుకు వందల కిలోమీటర్ల టూర్లలోనో తప్ప ఆ తేడాను పూర్తిగా వాడుకునేవాళ్లు తక్కువ.

మెరుపు వెనుక లెక్కలు

మళ్లీ షెడ్డులోని ఆ తలకిందుల ఫోర్కు దగ్గరికొద్దాం. బయటి లావు గొట్టాలు అల్యూమినియంవి. వాటి బంగారు రంగు ఆనోడైజింగ్‌తో వేసిన రంగే. దానితో షాకు ఒక్క పిసరు కూడా మెరుగుపడదు. లోపల జారే గొట్టాలకు టైటానియం నైట్రైడ్ పూత వేసినప్పుడు వచ్చే బంగారు రంగు వేరు. అది గట్టిది, రాపిడిని తగ్గిస్తుంది. కొనేవాళ్లకు రెండు మెరుపులూ ఒకటే. రోడ్డుకు మాత్రం కాదు.

వేరే బండి ఫోర్కు తెచ్చి బిగించడమంటే రెండు గొట్టాలు మార్చడంతో అయిపోదు. ఫోర్కును చట్రానికి కలిపే స్టెమ్ పొడవు, బేరింగుల సైజు, ఇరుసు లావు, డిస్కు స్థానం, బ్రేకు కాలిపర్ బిగించే చోటు, ఏబీఎస్ సెన్సర్, స్టీరింగ్ ఆగే చోటు, ఇవన్నీ మారతాయి. కొత్త ఫోర్కు పొడవు రెండు సెంటీమీటర్లు తగ్గినా బండి ముందుకు వాలి, హ్యాండిలు చురుగ్గా, ఒక్కోసారి గజగజలాడుతూ తిరుగుతుంది. పెరిగితే మలుపులో మొండికేస్తుంది. 140 కిలోల లోపు బండికి కట్టిన స్ప్రింగును 195 కిలోల క్లాసిక్ 350 కింద పెడితే అది మొదటి రోజు నుంచే కుంగిపోయి ఉంటుంది. అన్నీ లెక్కగట్టి, స్టెమ్ కొత్తగా మిల్లింగ్ చేయించి, స్ప్రింగు మార్చి బిగించే పనివాళ్లు లేకపోలేదు. వాళ్లు చేసే పనికీ, వెల్డింగ్ షాపులో గంటలో ముగించే పనికీ పోలికే లేదు. పైనుంచి చూస్తే మాత్రం రెండూ ఒకేలా మెరుస్తాయి.

ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి. తలకిందుల ఫోర్కులో సీలు అడుగున ఉంటుంది. అది తెగితే ఆయిలు నిలవదు, కిందికి, బ్రేకు డిస్కు వైపుకే కారుతుంది. గోతుల రోడ్ల మీద, దుమ్ములో తిరిగే బండికి సీళ్ల శుభ్రత ఇంకా ముఖ్యం.

---

చట్టం మాట

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. కంపెనీ చెప్పిన ఆయిలు, సీళ్లు మార్చడం మామూలు మెయింటెనెన్స్. ఫోర్కు మొత్తం మార్చే ముందు ఆర్టీఏ ఆఫీసులోనూ, బీమా కంపెనీలోనూ అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోవడం మేలు. వారంటీ పత్రంలో సస్పెన్షన్ గురించి ఏం రాశారో చదవడమూ మరవొద్దు.

---

ఎడారి నుంచి అనంతగిరి దాకా

ఫోర్కు విలువ బాగా తెలిసేది రోడ్డు అంతమయ్యే చోట. ఎడారుల్లో సాగే డకార్ ర్యాలీలో పరిగెత్తే బండ్లకు ముందు ఫోర్కు కుంగే దూరం దాదాపు 300 మిల్లీమీటర్లు ఉంటుంది. 2015లో సి.ఎస్. సంతోష్ ఆ ర్యాలీని పూర్తి చేసిన తొలి భారతీయుడయ్యాడు. 2024లో కేరళకు చెందిన హరిత్ నోవా ర్యాలీ 2 తరగతిలో గెలిచి, డకార్‌లో ఒక తరగతి గెలిచిన తొలి భారతీయుడిగా నిలిచాడు. ఆ ఇసుకలో నేర్చుకున్న పాఠాలు నెమ్మదిగా షోరూముకు చేరుతున్నాయి. హీరో ఎక్స్‌పల్స్ 200 మామూలు మోడల్‌లో ముందు ఫోర్కు 190 మిల్లీమీటర్లు కుంగితే, ప్రో మోడల్‌లో 250 మిల్లీమీటర్లు కుంగుతుంది. రైడరు తనకు కావాల్సినట్టు సరిచేసుకోవచ్చు కూడా. వారాంతాల్లో వికారాబాద్ దగ్గర అనంతగిరి మట్టిదారుల్లో తిరిగే కుర్రాళ్లకు, కంపెనీ గ్యారంటీతో చట్టం లోపలే దొరికే మార్పు ఇది.

కానీ ఎక్కువ కుంగే ఫోర్కుతో సీటూ ఎత్తవుతుంది. ట్రాఫిక్‌లో కాళ్లు నేలకు అందని రైడరుకు ఆ 250 మిల్లీమీటర్లు వరం కాదు. లడఖ్ వెళ్లాలని సంబరపడేవాళ్లు ఫోర్కు కొనేముందు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ దారిలో బండి మోసేది రైడర్ని ఒక్కడినే కాదు, రెండు పక్కల సంచుల్నీ, అదనపు పెట్రోలునీ. శాగ్ కొలవాల్సింది బయల్దేరే రోజు బరువుతోనే.

---

మీ ఫోర్కు ఏం చెబుతోంది?

• మెరిసే గొట్టం మీద ఆయిలు చార: సీలు పోయింది. బ్రేకు ప్యాడ్లకు తగిలేలోపు మార్పించండి.
• గుంతలో 'ఠక్'మని అడుగు తాకుతోంది: ఆయిలు తగ్గిందో, స్ప్రింగు చాలడం లేదో కొలిచి చూడాలి.
• గుంత దాటాక ఊపు ఆగడం లేదు: ఆయిలు పల్చబడింది.
• హ్యాండిలు ఒక పక్కకు లాగుతోంది: గొట్టం వంగి ఉండొచ్చు, లేదా ఇరుసు సరిగా బిగించి ఉండకపోవచ్చు.
• క్రోము మీద చుక్కలు, గీతలు: కొత్త సీలు వేసినా తెగుతుంది. గొట్టమే మార్చాలి.

---

టేపు పట్టిన మెకానిక్

ప్రమాదంలో వంగిన ఫోర్కు గొట్టాన్ని లేత్ దగ్గర బెండు తీయించి మళ్లీ వేయడం మన దగ్గర ఏళ్లుగా ఉన్న పద్ధతి. బీదవాడి బండికి అదే గతి అయింది. కానీ ఒకసారి వంగిన గొట్టం మళ్లీ నిటారైనా పాత బలం రాదు, క్రోము పొర చిట్లుతుంది. బ్రేకు వేసినప్పుడల్లా భారం పడేది ఆ గొట్టం మీదే. ఇలాంటి చోట పొదుపు చేయొద్దని చెప్పే మెకానిక్‌ను కస్టమరు అనుమానంగా చూస్తాడు. మెరిసే ఫోర్కు అంటగట్టేవాణ్ని ఆప్తుడనుకుంటాడు.

ఇరుసు బిగించేటప్పుడు కూడా పనివాడి చేయి తెలిసిపోతుంది. పక్కనున్న పించ్ బోల్టు వదులుగా ఉంచి, ముందు బ్రేకు పట్టి ఫోర్కును నాలుగైదుసార్లు కిందికి నొక్కి, రెండు కాళ్లూ వాటంతట అవి సర్దుకున్నాకే బోల్టు బిగించాలి. అర నిమిషం పని. అది చేయకపోతే వేలు పోసిన కాట్రిడ్జ్ కూడా రాపిడితో బిగదీసుకుపోతుంది. చాలా షెడ్లలో ఈ ఒడుపు నోటి మాటగానే సాగుతోంది. రెండు కాళ్ల ఆయిలూ కొలిచి పోసినందుకు వంద రూపాయలు ఎక్కువ అడిగితే బేరమాడే మనం, అదే బండికి స్టిక్కర్ల కోసం బేరం లేకుండా ఇచ్చేస్తాం. కొలిచే పనికి కూలి దొరకనిచోట కొలిచే మనిషి ఎంతకాలం నిలుస్తాడు?

బండి కొనేటప్పుడు మైలేజీ అడుగుతాం, సర్వీసుకిచ్చేటప్పుడు ఇంజిన్ ఆయిల్ అడుగుతాం. జాబ్ కార్డులో ఇంకొక్క వాక్యం రాయించాలి: ముందు ఫోర్కు ఆయిలు ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారు? ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం కొత్తగా ఏ ఫోర్కు వేయించినా, ఎంత ఖరీదుదైనా, నాలుగు వానాకాలాలు గడిచేసరికి అది మళ్లీ పాత ఫోర్కే అవుతుంది.